సినిమా ఆగదు, మాట ఆగుతుంది

ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. టీవీలో సినిమా ఎక్కడా ఆగదు. డాలస్‌లో ఉన్న అమ్మాయికి వాట్సాప్‌లో ఫోన్ చేస్తే మాత్రం మాట తెగి తెగి వస్తుంది, కొన్ని మాటలు అసలే రావు. ఫిర్యాదు చేస్తే నెట్ కుర్రాడొచ్చి స్పీడ్ టెస్ట్ పెడతాడు. 97 చూపించి "అంతా బాగానే ఉందండీ" అంటాడు. పోతూ పోతూ 200 ప్లాన్‌కు మారమని సలహా కూడా ఇస్తాడు. మారినా మాట తెగడం ఆగదు. ఎందుకు?

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. అతను కొలిచింది కాల్‌కు అంతగా అక్కర్లేని సంగతి, అంతే.

ఒక్క కాల్‌కు ఎంత నెట్ పడుతుందో ముందు లెక్క వేసుకుందాం. 1972 నుంచి వాడుకలో ఉన్న జి.711 పద్ధతిలో గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తారు. అంటే సెకనుకు 64,000 బిట్లు. దీన్ని 20 మిల్లీసెకన్లకొక ముక్కగా కోసి నెట్ మీదకు వదులుతారు. ఒక్కో ముక్కలో 160 బైట్ల గొంతు ఉంటుంది. ఎక్కడికి పోవాలి, వరసలో ఎన్నోది అని రాసిన చీటీకి మరో 40 బైట్లు. ఈ ముక్కనే ప్యాకెట్ అంటారు. సెకనుకు 50 ప్యాకెట్లు, చీటీలతో కలిపి 80 కేబీపీఎస్. మీ 100 ఎంబీపీఎస్ లైన్‌లో ఇది వెయ్యో వంతు కూడా కాదు. నెట్ కాల్స్‌లో విరివిగా వాడే ఓపస్ పద్ధతి 2012లో ప్రమాణంగా వచ్చింది. అది ఇంకా పొదుపరి, 20, 30 కేబీపీఎస్‌లోనే నిండైన గొంతును పంపగలదు. లైన్ వెడల్పు చాలకపోవడం వల్ల మాట తెగుతోందనుకుంటే, ఈ లెక్క ముందు ఆ మాట నిలవదు.

మరి సినిమాకు లేని ఇబ్బంది మాటకెందుకు?

సినిమా ఎప్పుడో తీసి సర్వర్లో పెట్టింది. మీరు ఐదో నిమిషం చూస్తుండగానే టీవీ ఆ తర్వాతి భాగాన్ని తెచ్చి దాచుకుంటూ ఉంటుంది. మధ్యలో నెట్ మూడు సెకన్లు నిలిచిపోయినా దాచినదానితో నెట్టుకొస్తుంది. దారిలో ఒక ప్యాకెట్ పోతే మళ్లీ పంపమని అడిగి తెప్పించుకుంటుంది. మనకు ఇదేమీ తెలియదు.

మాటకు ఆ వీల్లేదు. అమ్మాయి చెప్పబోయే మాట ఇంకా ఆమె నోట్లోనే ఉంది, దాన్ని ముందే తెచ్చి పెట్టుకోవడం ఏ యంత్రం తరమూ కాదు. పోయిన ప్యాకెట్‌ను మళ్లీ తెప్పించుకుందామన్నా అది వచ్చేసరికి వాక్యం ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. పెళ్లి బంతిలో పెరుగన్నం కలుపుకున్నాక సాంబారు బకెట్ వస్తే ఏం చేస్తాం? విస్తరికి చెయ్యి అడ్డం పెడతాం. ఫోనూ అదే పని చేస్తుంది, ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ను తీసుకోకుండా పారేస్తుంది. వినేవాళ్ల చెవికి పోయిన ప్యాకెట్టూ ఒకటే, ఆలస్యమైన ప్యాకెట్టూ ఒకటే.

ఇదేమీ ఈమధ్య తెలిసిన సంగతి కాదు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ మీద 1974 ప్రాంతంలోనే డానీ కోహెన్, ఆయన సహచరులు గొంతు పంపే ప్రయోగాలు చేశారు. పోయిన ప్రతి ప్యాకెట్‌నూ తిరిగి పంపి తీరాలనే పట్టుదల అప్పటి నెట్‌వర్క్ పద్ధతిది. ఫైళ్లకు అది బాగుంటుంది గాని మాటకు చేటు చేస్తుందని, పోయింది పోగా మిగిలింది వేళకు అందితే చాలని కోహెన్ వాదించాడు. అలాంటి వాదనల ఫలితంగానే తిరిగి పంపే బాధ్యత పెట్టుకోని యూడీపీ అనే తేలిక పద్ధతి 1980లో రూపు కట్టింది. ఇవాళ నెట్ మీద వెళ్లే కాల్స్ చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి.

కాబట్టి కాల్ బాగోగులు తేల్చేది లైన్ ఎంత వెడల్పు అన్నది కాదు, ప్యాకెట్లు ఎంత వేళ తప్పకుండా వస్తున్నాయన్నది. స్పీడ్ టెస్ట్‌లో కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే పెద్ద అంకె ఈ రెండో సంగతి చెప్పదు. పక్కన చిన్న అక్షరాల్లో పింగ్, జిట్టర్ అని ఉండేవి చెబుతాయి. ఆ కుర్రాడు చూడాల్సింది వాటిని.

ఎంత ఆలస్యమైతే ఎక్కువ?

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంస్థ జి.114 సిఫారసులో దీనికి కొలత పెట్టింది. ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి మాట చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. 400 మాత్రం దాటకూడదు. ఈ రెంటి మధ్య పడినప్పుడు ఏమవుతుందో విదేశాల్లో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. "అమ్మా, వినిపిస్తోందా?" అని అమ్మాయి అడుగుతుంది. జవాబు ఇంకా రాలేదని మళ్లీ "అమ్మా" అనేలోపు ఇక్కడి నుంచి "ఆఁ చెప్పమ్మా" వెళ్లి తగులుతుంది. ఇద్దరూ ఆగిపోతారు. "నువ్వు చెప్పు", "లేదు, నువ్వే చెప్పు". మాటకు మాట అడ్డొస్తోందని ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు కూడా. పాపం, అందులో ఎవరి తప్పూ లేదు.

డాలస్ కాల్‌కు ఈ మిల్లీసెకన్లు ఎక్కడెక్కడ ఖర్చవుతాయో పద్దు రాద్దాం. హైదరాబాద్ నుంచి డాలస్‌కు భూగోళం మీద అతి దగ్గరి గీత గీసినా దాదాపు 14,000 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఏం చేసినా 70 మిల్లీసెకన్లు తప్పవు. అసలు కేబుల్ ఆ గీత మీద పోదు. ముంబయిలోనో చెన్నైలోనో సముద్రంలోకి దిగి, ఎర్రసముద్రం, ఐరోపా, అట్లాంటిక్ మీదుగా ఒక దారి, సింగపూర్, పసిఫిక్ మీదుగా ఇంకో దారి. ఈ చుట్టుతిరుగుడంతా కలిపి ఒకవైపుకే 110 నుంచి 140 దాకా అవుతుంది. ప్యాకెట్ నిండడానికి గొంతు కోసం ఆగేది 20. మైకు, స్పీకరు, గొంతును కుదించి విప్పే లెక్కలు కలిపి మరో 40. ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గులను సర్దడానికి అవతలి ఫోన్ కాసేపు ఆపి ఉంచేది ఇంకో 50. మొత్తం 230 చిల్లర. ఇంట్లో ఏ లోపమూ లేనప్పుడే ఇంత.

ఇదే విజయవాడలో ఉన్న తమ్ముడికి చేస్తే దారి ఖర్చు పదో ఇరవయ్యో. ఇంటి వైఫై మధ్యమధ్య వంద మిల్లీసెకన్లు ఆలస్యం చేసినా అవతలి ఫోన్ ప్యాకెట్లను ఇంకాస్త ఆపి సర్దుకుంటుంది, ఇద్దరికీ తెలియదు. డాలస్ కాల్‌కు అప్పటికే పద్దు నిండిపోయి ఉంటుంది. "ఊళ్లోవాళ్లతో బాగానే ఉంది, అమెరికా కాల్సే బాగుండవు, వాళ్ల నెట్టే బాగోలేదు" అనుకునేవాళ్లు ఈ పద్దు ఒకసారి చూడాలి. సముద్రానికి పోయే ఖర్చును మనం తగ్గించలేం. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలోనూ నెట్ మందగించింది, అలాంటప్పుడు ఓపిక పట్టడమే. మన చేతిలో ఉన్నది ఇంట్లో అయ్యే ఖర్చు ఒక్కటే.

ఓవర్సీస్ కాల్ బుక్ చేసి ఎదురుచూసిన కాలం గుర్తున్నవాళ్లకు ఆలస్యం కొత్త కాదు. అప్పట్లో చాలా కాల్స్ 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహం మీదుగా పోయేవి. మాట పైకెక్కి దిగడానికే పావు సెకను పట్టేది. అయినా అది నిలకడైన ఆలస్యం. రెండు నిమిషాల్లో అలవాటైపోయేది. ఇప్పటి బాధ అంతా నిలకడ లేకపోవడం వల్లే.

మాట ముక్కలవడం, రోబో గొంతు రావడం ఎందుకు?

అక్కడ ప్యాకెట్లు 20 మిల్లీసెకన్లకొకటి చొప్పున క్రమంగానే బయల్దేరతాయి. ఇక్కడికి చేరేసరికి ఒకటి 18కి, తర్వాతది 25కి, ఆ తర్వాతది 90కి, దాని వెనకే మూడు ఒక్క గుంపుగా వస్తాయి. రాకలోని ఈ ఎగుడుదిగుడునే జిట్టర్ అంటారు. ఫోన్ వాటిని కాసేపు నిలబెట్టి, వరస సర్ది, సమంగా వినిపిస్తుంది. రాక మరీ చెదిరిపోయిందనుకోండి, ఉన్న గొంతును సాగదీసి కాలక్షేపం చేస్తుంది, గుంపు అందగానే గబగబా వినిపించి లోటు పూడ్చుకుంటుంది. మాట ఒకచోట సాగి మరోచోట పరుగెత్తినట్టు వినిపించేది అందుకే.

ఒక ప్యాకెట్ బొత్తిగా రాకపోతే ఫోన్ ఖాళీ వదలదు. అంతకుముందరి శబ్దాన్నే మళ్లీ పెట్టి అతుకు వేస్తుంది. "ఆఁ" అని సాగే అచ్చులో ఆ అతుకు మన చెవికి దొరకదు. వరసగా మూడు నాలుగు పోతే ఒకే శబ్దం తిరిగి తిరిగి మోగుతుంది, అదే రోబో గొంతు. ఇంకా పోతే అతుకు ఆపేసి మౌనం వహిస్తుంది. ఒక్కసారిగా పదిహేను పోతే "రావద్దు" అన్న మాటలో "రా" ఒక్కటే మిగులుతుంది. నూటికి ఒక ప్యాకెట్ పోవడమన్నది అక్కడొకటి ఇక్కడొకటిగా జరిగితే ఎవరికీ పట్టదు. ఆ పోయేవన్నీ ఒక్కచోటే పోతే మాట మారిపోతుంది. సగటు లెక్క చూసి నష్టం తక్కువే కదా అనేవాళ్లు మరిచిపోయేది ఇదే.

వేళ తప్పేది ఎక్కడ?

దూరాన సముద్రం అడుగున అని అనుకుంటాం గాని, నా అంచనాలో ఎక్కువసార్లు తప్పేది రౌటర్‌కు, మంచానికి మధ్య ఉన్న ముప్పై అడుగుల్లో.

వైఫైలో గాలి ఒక్కటే, వాడుకునేవాళ్లు చాలామంది. ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్క పరికరమే మాట్లాడాలి. ప్రతి ఫోనూ ముందు చెవి పెట్టి విని, ఎవరూ లేరనుకున్నాక ఇంకాసేపు ఆగి, అప్పుడు పంపుతుంది. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ పాడవుతాయి, మళ్లీ మొదలు. ఆ గాలి మీ ఒక్క ఇంటిది కూడా కాదు. కూకట్‌పల్లిలో ఏ అపార్టుమెంటులోనైనా ఫోన్‌లో వైఫై జాబితా తెరవండి, పక్క ఫ్లాట్లవాళ్ల పేర్లన్నీ కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానెళ్లు మూడే, 1, 6, 11. వాటిలోనే అంతమందీ సర్దుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ, బ్లూటూత్ నడిచేదీ అక్కడే.

పైగా రౌటర్ ఎక్కడుంటుంది? కేబుల్ ఎక్కడ లోపలికొస్తే అక్కడ, అంటే వీధి తలుపు పక్కన టీవీ వెనకాల. అమ్మ మాట్లాడేది వెనక గదిలో, మధ్యలో రెండు గోడలు, ఒక ఇనప బీరువా. ఇటుక గోడ సిగ్నల్‌ను బలహీనపరుస్తుంది, ఇనప రేకు దాదాపు ఆపేస్తుంది. సిగ్నల్ తగ్గితే ఫోన్ తన వేగం తగ్గించుకుని నెమ్మదిగా పంపుతుంది. ఒక్కో ప్యాకెట్‌కు గాలిని ఎక్కువసేపు ఆక్రమిస్తుంది, చేరనివాటిని మళ్లీ మళ్లీ పంపుతుంది. ఈ ప్రయత్నాలన్నీ పూర్తయ్యేసరికి ఆ ప్యాకెట్‌కు వేళ మించిపోతుంది. సినిమాకైతే ఈ మళ్లీ పంపడాలు ఏమాత్రం అడ్డు కావు. అందుకే అదే గదిలో అదే ఫోన్‌లో సినిమా నడుస్తుంది, మాట నడవదు.

దీనికి ఖర్చు లేని మందు, రౌటర్ కనిపించే చోటుకు వచ్చి మాట్లాడటం. హాల్లో కూర్చుని మాట్లాడితే తల్లీకూతుళ్ల గుట్టు ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది, అది వేరే సంగతి. రెండో మందు, ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపడం. అది గోడలు దాటడంలో బలహీనమే గాని ఛానెళ్లు ఎక్కువ, పక్కింటివాళ్ల సిగ్నల్ కూడా గోడ దాటి అంతగా రాదు. రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి ఇంటి మధ్యకు, తలెత్తు పైకి మార్చడం మూడోది. కేబుల్ పొడవు చాలదని నెట్‌వాళ్లు సణుగుతారు, అయినా అడగండి.

సిగ్నల్ పెంచే రిపీటర్ కొందామా అని చాలామంది అడుగుతారు. చవక రకం రిపీటర్ ఒకే ఛానెల్ మీద విని, అదే ఛానెల్ మీద తిరిగి చెబుతుంది. ఫోన్‌లో గీతలు నాలుగూ నిండుగా కనిపిస్తాయి, ప్రతి ప్యాకెట్టూ మాత్రం గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది. మాట్లాడటానికి అది నాకు నచ్చదు. వెనక గదికి గోడ వెంబడి ఒక ఈథర్నెట్ తీగ లాగించి, దాని చివర రెండో వైఫై డబ్బా పెట్టించడమే మేలు. చూడ్డానికి అందంగా ఉండదు, పనిచేస్తుంది.

ఇంట్లో మాటకు రెండో శత్రువు కంటికి కనిపించదు. మీరు మాట్లాడుతుండగా పక్క గదిలో అబ్బాయి ఫోన్, నిన్నటి పెళ్లి వీడియోలన్నిటినీ తనంతట తానే గూగుల్ ఫోటోస్‌కు ఎక్కించడం మొదలుపెడుతుంది. గుమ్మం దగ్గరి సీసీ కెమెరా తన వంతు ఎక్కిస్తూనే ఉంటుంది. బయటికి పోయే దారి నిండిపోతే రౌటర్ మిగిలినవాటిని క్యూలో నిలబెడుతుంది. మీ అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అనుకుందాం. క్యూలో ముందు 1 మెగాబైటు ఫోటోల సరుకు ఉంటే అది కదలడానికే 800 మిల్లీసెకన్లు. మీ "హలో" ఆ క్యూ చివర నిలబడుతుంది. పైన రాసిన పద్దు మొత్తానికి మూడింతలు ఈ ఒక్కచోటే.

ఏ ప్యాకెట్టూ పోకూడదని తయారీదార్లు రౌటర్లలో పెద్ద పెద్ద క్యూలు పెట్టారు, ఆ జాగ్రత్తే మాట పాలిట శాపమైంది. జిమ్ గెటిస్ అనే ఇంజినీరు 2010లో సొంత ఇంట్లో నెట్ ఎందుకు మొరాయిస్తోందో వెతుకుతూ దీన్ని పట్టుకుని బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. క్యాథలీన్ నికల్స్, వ్యాన్ జాకబ్సన్ 2012లో కోడెల్ అనే విరుగుడు ఇచ్చారు. ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలబడిందో చూసి, ఎక్కువసేపైతే కొన్నిటిని పారేసి, పంపేవాళ్లను నెమ్మదించేలా చేయడం దాని పద్ధతి. దాని తర్వాతి రూపాలు చిన్న ప్యాకెట్ల వాళ్లను ఫోటోల వాళ్ల వెనక నిలబెట్టకుండా వేరే వరసలో పంపేస్తాయి. మంచి రౌటర్లలో దీనికోసం ఎస్‌క్యూఎం అనో క్యూఓఎస్ అనో ఒక సెట్టింగ్ ఉంటుంది. నెట్ కంపెనీ ఉచితంగా ఇచ్చే డబ్బాల్లో అది దొరకడం అరుదు. అది లేనివాళ్లు కాల్ సమయంలో బ్యాకప్‌లు ఆపాలి, లేదా అర్ధరాత్రి నడిచేలా పెట్టుకోవాలి. వీడియో కాల్‌లో మాట తెగుతుంటే ముందు మీ కెమెరా ఆపి చూడండి. మీ బొమ్మ పోతున్నదీ ఆ దారినే.

ఏ ఇంట్లో లోపమో ఎలా తెలుస్తుంది?

అమ్మాయి గొంతు మీకు తెగుతూ, మీ గొంతు ఆమెకు బాగా వినిపిస్తుంటే అటు నుంచి ఇటు వచ్చే దారిలో లోపం. అంటే ఆమె అప్‌లోడో, మీ డౌన్‌లోడో. తిరగేస్తే మీ అప్‌లోడో, ఆమె డౌన్‌లోడో. ఇప్పుడు మీరొక్కరే వైఫై ఆపి మొబైల్ డేటాకు మారండి. బాగుపడితే మీ ఇల్లే. లేదంటే మీరు వైఫైకి తిరిగొచ్చి ఆమెను మారమనండి. ఇద్దరూ ఒకేసారి మారితే ఏమీ తేలదు.

ప్రతిధ్వని విషయంలో మాత్రం ఈ లెక్క చాలామందికి తలకిందులుగా తోస్తుంది. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తోందంటే లోపం మీ ఫోన్‌లో లేదు. అవతలి స్పీకర్‌లోంచి వచ్చిన మీ మాటను అవతలి మైకు పట్టుకుని వెనక్కి పంపుతోంది. అమ్మాయి స్పీకర్ ఆపి ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పోతుంది. ఫోన్లలో ప్రతిధ్వనిని తుడిచేసే ఏర్పాటు ఉంటుంది గాని, ఖాళీ గదిలో స్పీకర్ పూర్తిగా పెంచి పెడితే అది చేతులెత్తేస్తుంది. ఆలస్యం ఎక్కువైనకొద్దీ ప్రతిధ్వని మరీ చికాకు పెడుతుంది. ఎదుటి ఇంటి కాల్‌లో అదే ప్రతిధ్వని మన మాటలోనే కలిసిపోయి ఉనికే తెలియదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో పాట కమ్మగా ఉండి కాల్ మాత్రం పేలవంగా ఉండటానికి నెట్‌తో సంబంధం లేదు. మైకు కూడా పనిచేయాల్సి వచ్చేసరికి చాలా ఇయర్‌ఫోన్లు పాటల పద్ధతి వదిలి, తక్కువ నాణ్యత ఉన్న కాల్ పద్ధతికి మారతాయి. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టి పోల్చి చూడండి.

ఇక ఫైబర్ డబ్బాకు తగిలించిన ల్యాండ్‌లైన్. "వాట్సాప్ తెగుతోంది, అదే తీగ మీద వచ్చే ల్యాండ్‌లైన్ ఫోన్ మాత్రం శుభ్రంగా ఉంది, ఇదేం వింత?" అంటారు. ఇందులో వింతేం లేదు. ఆ ఫోన్ మాటకు వైఫై గండం లేదు, తీగ మీదుగా నేరుగా డబ్బాలోకి వెళుతుంది. పైగా నెట్ కంపెనీలు సాధారణంగా తమ సొంత ఫోన్ మాటకు వేరే వరస, ముందు పోయే హక్కు ఇస్తాయి. వాట్సాప్ ప్యాకెట్ వాళ్లకు పదింటిలో ఒకటి. గ్రామాల్లో ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్‌తో ఫోన్ తీసుకున్నవాళ్లకూ, నగరాల్లో ఫైబర్‌తో ల్యాండ్‌లైన్ ఉచితమని మూలన పడేసినవాళ్లకూ ఇది పనికొచ్చే సంగతి. దేశంలోపలి కాల్స్‌కు ఆ మూలనున్న ఫోన్‌ను దులిపి వాడండి.

దానికున్న లోటు ఒక్కటే, కరెంటు. పాత బీఎస్ఎన్ఎల్ రాగి తీగకు ఎక్స్ఛేంజీ నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది. ఊరంతా చీకటైనా డయల్ టోన్ ఉండేది. గాజు తీగలో కరెంటు రాదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు రెప్పపాటు ఆగినా డబ్బా ఆరిపోయి, మళ్లీ తేరుకోవడానికి నిమిషాలు తీసుకుంటుంది. రౌటర్ల కోసమే అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి మధ్యలో పెడితే ఈ బాధ తీరుతుంది. మీ డబ్బా అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసుకుని కొనండి.

వాట్సాప్ గోప్యత సెట్టింగుల్లో కాల్స్‌లో ఐపీ చిరునామా దాచమనే మీట ఒకటుంది, 2023లో వచ్చింది. అది ఆన్ చేసి ఉంటే మీ కాల్ నేరుగా పోకుండా వాట్సాప్ సర్వర్ మీదుగా తిరిగి వెళుతుంది. గోప్యత కావాలనుకున్నవాళ్లు ఉంచుకోవచ్చు, పిల్లలెవరో సరదాకు నొక్కిన మీటైతే తీసేయండి.

రౌటర్ ఆపి మళ్లీ వేస్తే బాగుపడుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకు?

ఆపి వేసినప్పుడు రౌటర్ చుట్టుపక్కల వైఫైలను చూసుకుని, కాస్త ఖాళీగా ఉన్న ఛానెల్ ఎంచుకుంటుంది. నెలల తరబడి పేరుకున్న కనెక్షన్ల పట్టిక ఖాళీ అవుతుంది. వేడెక్కిన డబ్బా కాస్త చల్లబడుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలే, అసలు కారణం గోడలో, క్యూలో ఉంటే మాత్రం తాత్కాలికం. కస్టమర్ కేర్‌వాళ్లు ముందు ఆ మాటే అనడంలో తప్పేమీ లేదు. దాంతోనే ఫిర్యాదు మూసేస్తేనే తప్పు.

మూసేయకుండా ఉండాలంటే "మాట తెగుతోంది" అని చెబితే సరిపోదు, కొలిచి చెప్పాలి. కంప్యూటర్‌లోనూ, ఫోన్ యాప్‌లలోనూ దొరికే పింగ్ అనే పరీక్ష చాలు. ఒక చిన్న ప్యాకెట్ పంపి, అది తిరిగొచ్చేదాకా ఎన్ని మిల్లీసెకన్లో చెబుతుంది. ముందు మీ రౌటర్‌కే చేయండి. దాని చిరునామా డబ్బా కింద అతికించిన స్టిక్కర్ మీద ఉంటుంది, సాధారణంగా 192.168.1.1 లాంటిది. మీరు మామూలుగా మాట్లాడే చోటే కూర్చుని రెండు నిమిషాలు నడపండి. పదిలోపు అంకెలు నిలకడగా వస్తే వైఫై మంచిదే. మధ్యమధ్య 150, 300 కనిపిస్తే లోపం ఇంట్లోనే, కంపెనీకి ఫోన్ చేయక్కర్లేదు. తర్వాత గూగుల్ చిరునామా 8.8.8.8కు చేయండి. పెద్ద వీడియో ఒకటి ఎక్కిస్తూ చేసినప్పుడు మాత్రమే అంకె ఎగిరితే అది క్యూ బాధ. ఇంట్లో ఎవరూ ఏమీ వాడకుండా, కంప్యూటర్‌ను తీగతో రౌటర్‌కు కలిపి చేసినా అంకెలు ఎగిరితే, ప్యాకెట్లు పోతుంటే, అప్పుడది కంపెనీ లోపం.

ఈ తీగ పరీక్షను రాత్రి 9కి ఒకసారి, ఉదయం 7కి ఒకసారి చేసి రాసుకోండి. రాత్రి ఊరంతా టీవీల ముందుంటుంది, అప్పుడు మాత్రమే చెడితే మీ ఆపరేటర్ తన స్తోమతకు మించి కనెక్షన్లు ఇచ్చాడని అర్థం. (ఉదయం 7 అంటే డాలస్‌లో వేసవిలో ముందురోజు రాత్రి 8:30. కాల్ ఆ వేళకు మార్చుకున్నా సగం బాధ తగ్గుతుంది.) రెండు వేళల్లోనూ చెడితే లైన్‌నే అనుమానించాలి. టీవీ వెనక పసుపు తీగ మెలిపడి నలిగిందేమో చూడండి, గాజు తీగ గట్టిగా వంగితే వెలుతురు కారిపోతుంది. కుర్రాడు వచ్చినప్పుడు స్పీడ్ టెస్ట్ అక్కర్లేదనండి. "పవర్ మీటర్ పెట్టి చూడు తమ్ముడూ" అని అడగండి. లోపలికొచ్చే వెలుతురు మైనస్ 20 డీబీఎం దరిదాపుల్లో ఉంటే నిశ్చింత. మైనస్ 27 కంటే కిందికి, 28, 29కి దిగితే స్తంభం మీదో మెట్ల దగ్గరో జాయింటు మళ్లీ వేయించాలి, అది అతని పని. రాసిపెట్టుకున్న అంకెలు అతనికి వాట్సాప్‌లో పంపి, వాటినే ఫిర్యాదు నంబరు కింద చేర్చమనండి.